కాంటా మీద తగ్గింది నీళ్లే

ప్రశ్న: నా వయసు 41. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. ఉండేది హన్మకొండలో. రెండు నెలలుగా రోజూ పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో గంటసేపు నడుస్తున్నాను. చెమట కారితేనే కొవ్వు కరిగినట్టు లెక్క అని తోటివాళ్లు చెబితే టీషర్టు మీద రెయిన్‌కోటు, పొట్టకు రబ్బరు బెల్టు వేసుకుంటున్నాను. నడక ముందూ తర్వాతా తూకం చూసుకుంటే 1.2 కిలోలు తగ్గుతోంది. మర్నాటికి మళ్లీ 84. నడిచాక గంట దాకా నీళ్లు ముట్టొద్దన్నారు, ముట్టడం లేదు. మా ఇంటావిడ నాతోనే నడుస్తుంది. ఆమెకు చెమట అంతగా పట్టదు, అయినా రెండు నెలల్లో 3 కిలోలు తగ్గింది. ఆమె రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తింటోంది. నాకెందుకు తగ్గడం లేదు? స్టీమ్ బాత్‌కు వెళ్తే ఫలితం ఉంటుందా? మూడేళ్లుగా బీపీ గోలీ వేసుకుంటున్నాను. ఈ మధ్య కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. అది కూడా నడక వల్లేనా?

జవాబు: రేపు పొద్దున నడకకు రెయిన్‌కోటు వేసుకోకండి. బెల్టూ వద్దు. నడిచి రాగానే నీళ్లు తాగండి. బరువు సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేసిన విషయమే అన్నిటికన్నా ముందు తేలాలి. లేస్తే కళ్లు తిరగడం, రాత్రిపూట పిక్కలు పట్టేయడం నడక వల్ల రావడం లేదు. ఒంట్లో నీరూ ఉప్పూ తక్కువైతే కనిపించే లక్షణాలవి. బీపీ గోలీ వేసుకునే మనిషి రోజూ లీటరుకు పైగా చెమట కార్చి, ఆపైన గంటసేపు నీళ్లు మానేస్తే ఇలాగే అవుతుంది.

మీ గోలీ స్ట్రిప్పు తిప్పి వెనకవైపు చదవండి. హైడ్రోక్లోరోథయజైడ్ అనో, క్లోర్‌థాలిడోన్ అనో రాసి ఉంటే, అది ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపి బీపీ తగ్గించే మందు. టెల్మిసార్టన్ లాంటి గోలీల్లో చాలావాటిలో దీన్ని కలిపే ఇస్తారు. మీదీ అలాంటి గోలీ అయితే మీ ఒంట్లోంచి నీరు రెండు దారుల్లో పోతోంది, పోయినదాన్ని మీరు పూడ్చడం లేదు. అలాగని గోలీ మీ అంతట మీరు ఆపకండి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి, ముందు కూర్చున్నప్పుడు, తర్వాత లేచి నిలబడిన ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో బీపీ చూడమనండి. నిలబడినప్పుడు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కళ్లు తిరగడానికి కారణం దొరికినట్టే. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు కూడా చేయించండి. రెయిన్‌కోటు సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అది చెప్పకపోతే గోలీ డోసు మార్చి పంపేస్తారు, అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఇక మీ 1.2 కిలోల లెక్క. ఒక కిలో ఒంటి కొవ్వులో దాదాపు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. 1.2 కిలోలంటే 9,000 పైచిలుకు. 84 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చుతో కలిపి 290 కేలరీల దాకా ఖర్చవుతాయి. ఈ లెక్కన 1.2 కిలోల కొవ్వు పోవాలంటే ఏకబిగిన 30 గంటలకు పైగా నడవాలి. మీరు నడిచింది ఒక గంట. ఆ గంటలో కరిగిన కొవ్వు మహా అయితే 25 నుంచి 35 గ్రాములు. మిగతా 1,165 గ్రాములు నీళ్లు. ఇంటికొచ్చి తిన్నది, తాగింది ఒంట్లో చేరగానే రాత్రికల్లా అవి తిరిగి వచ్చేస్తాయి. అందుకే మర్నాడు కాంటా మళ్లీ 84 చూపిస్తోంది. కాంటాకు నీరూ కొవ్వూ తేడా తెలియదు, అది బరువు ఒక్కటే చెబుతుంది.

మరి చెమట ఎందుకు పడుతుంది? ఎండాకాలం ఇంట్లో పెట్టుకునే రంజన్‌ను గుర్తు చేసుకోండి. కొత్త రంజన్ మట్టి రంధ్రాల్లోంచి నీరు ఊరి పైకి వస్తుంది. ఆ తడి గాలికి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది, నీళ్లు చల్లబడతాయి. మన చర్మం చేసే పనీ ఇదే. 20 నుంచి 40 లక్షల దాకా ఉన్న చెమట గ్రంథులు నీటిని పైకి తెస్తాయి, అది ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. ఇప్పుడు ఆ రంజన్‌కు చుట్టూ పాలిథిన్ కవరు బిగించి కట్టండి. పైన తడి అలాగే ఉంటుంది, కవరు లోపలివైపు నీటి బొట్లు కూడా కడతాయి, కానీ లోపలి నీళ్లు చల్లబడవు. తడి ఆరడానికి దారి లేదు గదా. మీ రెయిన్‌కోటు ఆ కవరే. లోపల చెమట ఏరులై పారుతుంది, ఆరదు. ఒళ్లు చల్లబడకపోయేసరికి శరీరం ఇంకా ఇంకా చెమట పోస్తుంది. కారి కిందపడిన చెమట చల్లదనం ఇవ్వదు, నీరూ ఉప్పూ దండగైపోవడమే.

చెమటలో 99 శాతం నీళ్లే. మిగతాది సోడియం, క్లోరైడ్, కొద్దిగా పొటాషియం, యూరియా, లాక్టేట్. కొవ్వు లేదు. చర్మం కింద కొవ్వు కరిగి నూనెలా బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు, అలాంటి దారేదీ శరీరంలో లేదు.

ఇంకో పొరపాటు కొంచెం చదువుకున్నవాళ్లు కూడా చేస్తారు. లీటరు చెమట పూర్తిగా ఆరితే 580 కేలరీల వేడి ఒంట్లోంచి పోతుంది, ఆ లెక్క నిజమే. అది చదివి లీటరు చెమటకు 580 కేలరీలు కరిగాయనుకుంటారు. ఆ 580 ఒంట్లోంచి బయటికి తోసేసిన వేడి. అది కండరం పని చేయడం వల్ల పుట్టి ఉండొచ్చు, ఎండ నుంచో, రేకుల కప్పు నుంచో, పొయ్యి నుంచో ఒంట్లోకి వచ్చి ఉండొచ్చు. ఏప్రిల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూస్తే ఇది తెలిసిపోతుంది. మిర్చి బస్తాలు మోసే హమాలీకి చెమట కారుతుంది. అదే రేకుల షెడ్డు కింద కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకూ చొక్కా తడిసిపోతుంది. ఇద్దరి చెమటా ఒక్కటే, కానీ హమాలీ కండరాలు ఖర్చుపెట్టిన శక్తిలో చిన్న భాగం కూడా గుమాస్తా ఖర్చుపెట్టలేదు. చెమటే కొవ్వు కరిగిస్తే, మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఏ పనీ చేయకుండా కూర్చున్నవాళ్లంతా సన్నబడాలి.

మీ తోటివాళ్ల మాట పూర్తిగా గాలిలోంచి పుట్టిందేమీ కాదు. కండరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే కదలికగా మారుతుంది, మిగతాదంతా వేడిగా మారుతుంది. అందుకే కష్టపడి పనిచేస్తే చెమట పడుతుంది. పని వల్ల కొవ్వు కరుగుతుంది, పని వల్లే చెమటా పడుతుంది. రెండూ ఒక్కసారే కనిపించేసరికి ఒకటి రెండోదానికి కారణమని అనిపిస్తుంది. డిసెంబరులో చలికి స్వెటరు వేసుకుని అదే గ్రౌండ్‌లో అదే వేగంతో గంట నడవండి, నుదురు కూడా తడవదు. ఖర్చయ్యే కేలరీలు మాత్రం ఏప్రిల్‌లో అయినంతే.

కొవ్వు నిజంగా ఎటు పోతుందో తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రూబెన్ మీర్‌మన్, ఆండ్రూ బ్రౌన్ 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క వేసి చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికి పోతుంది, 1.6 కిలోలు నీరవుతుంది. అంటే కొవ్వు ముఖ్యంగా ముక్కు గుండానే పోతుంది. అలాగని కూర్చుని వేగంగా ఊపిరి తీసి వదిలితే కరగదు, తల తిరుగుతుంది అంతే. కండరం శక్తి అడిగినప్పుడే కొవ్వు విడిపోయి కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది.

చెమటతో బరువు దించడం ఒక్కచోట పనికొస్తుంది. కుస్తీ, బాక్సింగ్ లాంటి ఆటల్లో తూకం నాటికి ఫలానా కిలోల లోపు ఉండాలి, ఆ గంటకు కాంటా మీద అంకె తగ్గితే చాలు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ రాత్రంతా ఎంత కష్టపడినా 50 కిలోల విభాగంలో 100 గ్రాములు ఎక్కువ తూగిందని ఫైనల్‌కు దూరం చేశారు, ఆమెను ఒంట్లో నీరు తగ్గిపోయిన స్థితిలో చికిత్సకు తీసుకెళ్లారు. చుట్టూ డాక్టర్లూ కోచ్‌లూ ఉన్న ప్రపంచ స్థాయి క్రీడాకారిణి పరిస్థితి అది. అమెరికాలో 1997 చివర్లో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్లు ఇలాగే బరువు దించుకోబోయి చనిపోయారు. రబ్బరు సూటు వేసుకుని, వేడి చేసిన గదిలో, నీళ్లు తాగకుండా వ్యాయామం చేశారు. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంఘం కుస్తీలో రబ్బరు సూట్లను, ఆవిరి గదులను నిషేధించింది. వాళ్లు కుర్రాళ్లు, గుండె జబ్బు, బీపీ లేనివాళ్లు. మీరు బీపీ గోలీ వేసుకుని, రెయిన్‌కోటు తొడుక్కుని, నీళ్లు మానేసి అదే పని చేస్తున్నారు. అందుకే మొదటి వాక్యంలోనే దాన్ని తీసేయమన్నాం.

పొట్ట బెల్టు గురించి. రబ్బరు కింద చర్మానికి గాలి ఆడదు కాబట్టి అక్కడ మాత్రమే చెమట ఎక్కువ చేరుతుంది. తీయగానే టేపు పెడితే అర అంగుళం తగ్గినట్టు కనిపిస్తుంది, అది బెల్టు ఒత్తిన గుర్తు. సాయంత్రానికి చర్మం మళ్లీ మామూలైపోతుంది. పొట్ట దగ్గర చెమట పట్టిస్తే పొట్ట కొవ్వే కరగడం అనేది ఉండదు. కొవ్వు ఎక్కడి నుంచి ముందు తీయాలో శరీరం హార్మోన్లను, వంశాన్ని, మగా ఆడా తేడాను బట్టి తేల్చుకుంటుంది. బెల్టు వల్ల తప్పకుండా వచ్చేవి చెమటకాయలు, నడుం మడతల్లో తామర. దురద మొదలైందంటే బెల్టు పారేసి, ఆ చోటు పొడిగా ఉంచి చర్మం డాక్టరుకు చూపించండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిపిన ఆయింట్‌మెంట్ రాస్తే తామర నాలుగు రోజులు తగ్గినట్టు కనిపించి ఇంకా పాకుతుంది.

స్టీమ్ బాత్ కూడా అంతే. ఆవిరి గదిలో గాలి నిండా తేమే కాబట్టి చెమట ఆరదు, గుండె వేగం పెరుగుతుంది, నీరు పోతుంది, కొవ్వు కరగదు. బీపీ అదుపులో ఉన్నవాళ్లు ఒళ్లు నొప్పులకని 10 నిమిషాలు కూర్చుంటే తప్పులేదు. కళ్లు తిరుగుతున్న ఈ రోజుల్లో మీరు దాని జోలికి వెళ్లొద్దు. తాగి ఆవిరి గదిలో కూర్చోవడం ఎవరికీ ఎప్పుడూ మంచిది కాదు.

ఇప్పుడు నీళ్లు. నడుస్తూ నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, తాగితే కరిగిన కొవ్వు మళ్లీ గడ్డకడుతుంది అనే మాటలకు ఏ ఆధారమూ లేదు. నడక మొదలుపెట్టే ముందు ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్లు తాగండి. ఎండాకాలంలో గంట నడకలో ప్రతి 20 నిమిషాలకు 150 మిల్లీలీటర్ల చొప్పున గుక్కలు గుక్కలుగా తాగండి. తర్వాత ఎంత తాగాలో మీ తూకమే చెబుతుంది, తూకం మీకెలాగూ అలవాటే. నడక ముందు మూత్రానికి వెళ్లి వచ్చి లోదుస్తులతో తూగండి. వచ్చాక తడి బట్టలు విప్పి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ తూగండి. తడిసిన టీషర్టు వేసుకుని తూగితే కారిన చెమట బట్టలోనే ఉండి లెక్క తప్పుతుంది. తగ్గిన గ్రాములకు దారిలో తాగిన నీళ్లు కలపండి, మధ్యలో మూత్రానికి వెళ్లి ఉంటే అది తీసేయండి, వచ్చింది మీ చెమట. ఉదాహరణకు 84.0 నుంచి 83.4కు వచ్చి, దారిలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే చెమట 900 మిల్లీలీటర్లు. కాంటా మీద తగ్గిన ప్రతి కిలోకు లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా, ఒక్క ఊపున కాకుండా రెండు మూడు గంటల్లో తాగాలి. ఎక్కువెందుకంటే తాగినదాంట్లో కొంత మూత్రంగా పోతుంది. మూత్రం పలచని నిమ్మరసం రంగులో ఉంటే చాలినంత తాగినట్టు. పల్లీ నూనె రంగుకు చిక్కబడితే తక్కువైనట్టు. ఎండలో బాగా శ్రమపడ్డాక టీ డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

లీటరు చెమటలో సగటున రెండు మూడు గ్రాముల ఉప్పు పోతుంది, మనిషిని బట్టి ఇంకా తేడా ఉంటుంది. నల్ల టీషర్టు ఆరాక తెల్లటి చారలు కడుతున్నాయంటే మీ చెమటలో ఉప్పు పాలు ఎక్కువ. అయినా గంట నడకకు ఉప్పునీళ్లు, స్పోర్ట్స్ డ్రింకులు అక్కర్లేదు. మనం తినే పప్పు, కూర, తొక్కులోనే పోయినదానికి మించి ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది, బీపీ ఉన్న మీకు అది మరీ ముఖ్యం. నడిచొచ్చాక మామూలు నీళ్లు, ఉప్పు వేయని పలుచటి సల్ల చాలు. రెండు మూడు గంటలు ఎండలో పనిచేసే రైతుకూ హమాలీకూ లెక్క వేరు, వాళ్లకు ఓఆర్ఎస్ కావాలి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం కలుపుకుంటే ఉప్పు పాళ్లు దెబ్బతింటాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు సమంగా గీసిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. గంటల తరబడి చెమట కార్చి ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగేయడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి.

మీ ఇంటావిడకు చెమట తక్కువ పట్టడంలో వింతేమీ లేదు. అదే పనికి ఆడవాళ్లకు సాధారణంగా మగవాళ్లకన్నా చెమట తక్కువ పడుతుంది. బరువు తక్కువున్న ఒంట్లో పుట్టే వేడీ తక్కువే. పైగా ఆమె రెయిన్‌కోటు వేసుకోలేదు. వ్యాయామం అలవాటైనకొద్దీ, ఎండకు ఒకటి రెండు వారాలు అలవాటు పడ్డాక చెమట ఇంకా త్వరగా మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. కాబట్టి చెమట చూసి ఎవరు ఎక్కువ కష్టపడ్డారో, ఎవరికి కొవ్వు ఎక్కువ ఉందో చెప్పలేం. ఆమె 3 కిలోలు తగ్గిన కారణం మీ ఉత్తరంలోనే ఉంది, రాత్రి పళ్లెం. జొన్నలో ఏదో మాయ ఉందని కాదు. 100 గ్రాముల బియ్యంలో, 100 గ్రాముల జొన్నపిండిలో కేలరీలు ఇంచుమించు సమానమే, 350 దగ్గర. కానీ అన్నం పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఇంకోసారి కలుపుకుంటూ ఎంత తిన్నామో తెలియకుండా తింటాం. రొట్టె లెక్కకు వస్తుంది, నమలాలి, పీచు ఎక్కువ, ఒకటి తినేసరికి కడుపు నిండుతుంది. మూడు రొట్టెలు తింటే ఆమె కూడా తగ్గేది కాదు.

మీరు చేయాల్సింది అక్కడే మొదలవుతుంది. రాత్రి అన్నంలో ఒక కప్పు, అంటే 150 గ్రాముల వండిన అన్నం తగ్గిస్తే దాదాపు 200 కేలరీలు. ఆ ఖాళీలో ఆనపకాయ, బీరకాయ, తోటకూర కూర, ఒక గుడ్డో గిన్నెడు పప్పో పెట్టుకోండి. మాంసకృత్తులు తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, అది మనకు వద్దు. టీలో రెండు చెంచాల చక్కెరతో రోజుకు మూడు టీలు తాగేవాళ్లకు అక్కడే 120 కేలరీలు. నూనెది అందరూ మరిచిపోయే లెక్క. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు ఖర్చయితే తలా రోజుకు 38 గ్రాములు. అదే 3 లీటర్లకు దించితే తలా 23 గ్రాములు, అంటే మనిషికి 135 కేలరీలు తక్కువ. నెల మొదట్లో 3 లీటర్లు విడిగా ఒక డబ్బాలో పోసి, నెలాఖరు దాకా అందులోంచే వాడాలని ఇంట్లో అనుకోండి. చెంచాలతో రోజూ కొలిచే కష్టం ఉండదు. చక్కెర కూడా మానేసి ఈ మూడూ కలిపితే రోజుకు 450 దాటుతుంది. ఆ గుడ్డుకో పప్పుకో అందులో కొంత పోయినా, వారానికి ఆరు రోజుల నడక దానికి తోడైతే మొదటి నెలల్లో వారానికి అర కిలో దాకా కొవ్వు తగ్గుతుంది. ఒళ్లు తేలికైనకొద్దీ ఈ వేగం తగ్గుతుంది, అది సహజం. అన్నం ఒక్కసారిగా మానేస్తే మొదటి వారంలోనే రెండు కిలోలు పడిపోవడం చూసి మోసపోకండి. కండరాల్లో, కాలేయంలో శరీరం దాచుకునే పిండిపదార్థం గ్లైకోజెన్, గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చు కాగానే ఆ నీరూ పోతుంది, రెండు పూటలు అన్నం తినగానే తిరిగి వస్తుంది.

నడక మానొద్దు. పలుచటి వదులు బట్టలు వేసుకుని, ఎండాకాలం పొద్దున 5:30కు మొదలుపెట్టి 7 లోపు ఇంటికి చేరండి. వేగం ఎంత అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వారంలో రెండు రోజులు కండకు పని పెట్టండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, మధ్యలో నిమిషం ఆగుతూ మూడు విడతలు. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం కూడా అంతే. కళ్లు తిరగడం పూర్తిగా తగ్గి, బీపీ సరిగ్గా ఉందని డాక్టరు చెప్పాక కావాలంటే పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కండి, ఇప్పుడే వద్దు.

నడుస్తుంటే తల పగిలేంత నొప్పి, వాంతి, మాట తడబడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం లాంటివి వస్తే అది వడదెబ్బ. చెమట కారుతూనే ఉంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకండి. శ్రమతో వచ్చే వడదెబ్బలో ఒళ్లు తడిగానే ఉండొచ్చు. 108కు ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ ఉండకుండా మనిషిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరాలి. చంకల్లో, మెడ దగ్గర, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

చెమటా బరువు తగ్గడమూ కలిసి వస్తే అనుమానించాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. రాత్రిపూట పక్కబట్టలు తడిసేలా చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, ప్రయత్నించకుండానే తగ్గుతున్న బరువు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. అది వరంగల్‌ ఎంజీఎం ఆసుపత్రిలోనూ, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఉచితమే. ఆకలి బాగా వేస్తూ, బాగా తింటూ కూడా చిక్కిపోవడం, చేతులు వణకడం, గుండె దడ, వేడి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ చూడాలి. షుగరుకు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి గోలీలు గానీ వాడేవాళ్లకు ఉన్నట్టుండి చల్లటి చెమట పట్టి వణుకు వస్తే షుగరు పడిపోయినట్టు. వెంటనే మూడు చెంచాల చక్కెర తిని, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పితో చెమట పడితే గ్యాస్ అని సోడా తాగుతూ కూర్చోకూడదు, నేరుగా ఆసుపత్రికే.

నడక తర్వాతి తూకం ఇకనుంచి నీళ్ల లెక్కకే వాడుకోండి. కొవ్వు లెక్కకు వేరే తూకం కావాలి. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, గచ్చు మీద పెట్టిన అదే కాంటా మీద వారంలో నాలుగు రోజులు తూగి సగటు రాసుకోండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి, నిన్నటి అంకెతో కాదు. పెళ్లి భోజనం తిన్న మర్నాడు ఉప్పు వల్లే కిలో, కిలోన్నర పెరిగి కనిపిస్తుంది. పదిహేను రోజులకోసారి పొట్ట కొలవండి. పక్కటెముకల చివరి అంచుకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యన టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి, పొట్ట లోపలికి లాగకండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ఈ కొలతలు రాసుకున్న కాగితాన్ని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా తీసుకెళ్లండి. 5 కిలోలు తగ్గేసరికి బీపీ కూడా దిగుతుంది, ఇప్పుడు వేసుకునే డోసు అప్పటికి ఎక్కువ కావచ్చు. 79కి చేరిన వారం మరోసారి కూర్చుని, నిలబడి బీపీ చూపించుకోండి.